మానని గాయానికి వంశమే కారణమా?



తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా వెళ్ళే రైలు కాట్పాడిలో ఆగినప్పుడు దిగేవాళ్ళను చూడండి. పాత ఎక్స్‌రేల కవర్లు, రిపోర్టుల సంచులు పట్టుకున్నవాళ్ళు వాళ్ళలో తప్పకుండా కనిపిస్తారు. చిత్తూరు, కడప, అనంతపురం జిల్లాలవాళ్ళకు వేలూరు పేరు చెబితే కోట కన్నా ముందు సీఎంసీ ఆస్పత్రి గుర్తుకొస్తుంది. పాతతరం వాళ్ళు ఇప్పటికీ ఆ ఊరిని రాయవేలూరనే అంటారు. 1900లో ఐడా స్కడ్డర్ అనే డాక్టరమ్మ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల అది. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల అయింది. ఈనాడు దేశం నలుమూలల నుంచీ రోగులు అక్కడికి వస్తున్నారు.

మానని గాయాలతో ఆస్పత్రులకు వెళ్ళేవాళ్ళు తరచూ ఒక మాట అంటుంటారు. "మా వంశంలోనే ఇంతండీ. మా నాయనకూ ఇట్లాగే ఉండేది. దెబ్బ తగిలితే ఒక పట్టాన మానదు." ఈ మాటలో కొంత నిజముంది, కొంత అన్యాయమూ ఉంది. ఏది నిజమో ఏది అన్యాయమో విడదీసి చూడ్డానికి వేలూరునూ, దానికి పడమటగా సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న గుడియాత్తాన్నీ మించిన చోటు దక్షిణాదిలో నాకు కనిపించలేదు. గుడియాత్తం కౌండిన్య నది ఒడ్డున ఉంది. ఆ నది మన చిత్తూరు జిల్లా కొండల్లోనే పుట్టి అటు పారుతుంది. లుంగీల నేతకూ, అగ్గిపెట్టెలకూ, బీడీలకూ పేరుపడ్డ ఊరు. తమిళం ఎంత వినిపిస్తుందో, ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలూ అంత సహజంగా కలిసిపోయి ఉన్న ప్రాంతం. గాయాల గురించి ఈ రెండు ఊళ్ళ మధ్య జరిగిన పనిని ఈ రోజు మీతో పంచుకోవాలని నా కోరిక.

ముందు గాయం ఎలా మానుతుందో చూద్దాం. కత్తిపీట మీద వేలు తెగిందనుకోండి. తెగిన రక్తనాళం వెంటనే ముడుచుకుంటుంది. ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలు అక్కడికి చేరి ఒకదానికొకటి అతుక్కుంటాయి. రక్తంలో కరిగి ఉన్న కొన్ని ప్రోటీన్లు వరసగా ఒకదాన్నొకటి మేల్కొలిపి, చివరకు ఫైబ్రిన్ అనే సన్నని దారాలను తయారుచేస్తాయి. రక్తం గడ్డకట్టడమంటే ఇదే. కొన్ని గంటల్లో తెల్ల రక్తకణాలు వచ్చి సూక్ష్మజీవులను తినేస్తాయి. ఆ తర్వాత మాక్రోఫేజ్‌లనే పెద్ద కణాలు చెత్తను ఎత్తివేస్తూనే, ఇక కట్టడం మొదలుపెట్టమని సంకేతాలు పంపుతాయి. మూడు నాలుగు రోజులకు ఫైబ్రోబ్లాస్టులు చేరి కొల్లాజెన్ పోగుచేస్తాయి. కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. పుండు అడుగున ఎర్రగా, మెత్తగా, తాకితే చెమర్చే కండ కనిపిస్తుందే, అది ఈ దశ. అంచుల నుంచి చర్మకణాలు దాని మీదుగా పాకి మధ్యలో కలుసుకుంటాయి. పక్కు రాలిపోతుంది. లోపల మాత్రం పని నెలల తరబడి సాగుతూనే ఉంటుంది. అయినా ఆ మచ్చకు పాత చర్మపు బలం పూర్తిగా రాదు, మహా అయితే ఎనభై శాతం దాకా వస్తుంది.

ఇందులో పాలుపంచుకునే ప్రతి ప్రోటీనుకూ మన కణాల్లో ఒక జన్యువు ఉంది. మూడు వందల కోట్ల అక్షరాలున్న మన జన్యులిపిలో ఏ ఇద్దరు మనుషుల మధ్యనైనా లక్షల అక్షరాలు తేడాగా ఉంటాయి. వాటిలో చాలావరకు ఏ ప్రభావమూ చూపవు. కొన్ని మాత్రం గాయం మానే పనిలో ఏదో ఒక మెట్టును నెమ్మదింపజేస్తాయి, లేదా మితిమీరి సాగనిస్తాయి. అరుదుగా ఒకే ఒక్క అక్షరం మారి ఆ మెట్టే లేకుండా పోతుంది.

అలా పోయిన మెట్టు ఎంత పని చేసేదో ఫ్యాక్టర్ 13 అనే రక్తపు ప్రోటీను చూపిస్తుంది. ఫైబ్రిన్ దారాలు ఏర్పడితే చాలదు, అవి ఒకదానికొకటి బిగుసుకోవాలి. గుడియాత్తం మగ్గాల మీద పడుగూ పేకా కలిసిన బట్టకు చివర పోగులు ముడివేయకపోతే ఎలా విడిపోతుందో, ఈ ఫ్యాక్టర్ 13 బిగించకపోతే గడ్డకట్టిన రక్తం అలా విడిపోతుంది. రక్తస్రావం మొదట ఆగినట్టే ఆగుతుంది. ఒక రోజో, ఒకటిన్నర రోజో గడిచాక అదే గాయం నుంచి మళ్ళీ కారుతుంది. కొల్లాజెన్ వేసే కణాలకు కాలు మోపే చోటు సరిగా దొరకదు కాబట్టి పుండు మానడమూ ఆలస్యమవుతుంది, మచ్చ వికారంగా మిగులుతుంది. 1960లో స్విట్జర్లాండులో ఒక పిల్లవాడిలో ఈ లోపాన్ని మొదటిసారి గుర్తించినప్పుడు, వైద్యులు రక్తస్రావంతో పాటు గాయాలు సరిగా మానకపోవడాన్ని కూడా రాసిపెట్టారు.

ఇది ఎంత అరుదంటే ఇరవై లక్షల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అయినా దీని గురించి రేడియోలో చెప్పడానికి కారణముంది. ఈ లోపం తన రాకను మొట్టమొదట బొడ్డు దగ్గర చెబుతుంది. ఈ జబ్బుతో పుట్టిన ప్రతి పదిమంది పిల్లల్లో ఎనిమిది మందికి బొడ్డు ఊడే రోజుల్లో అక్కడి నుంచి రక్తం కారుతుంది. ఇంట్లోవాళ్ళు పసుపో పౌడరో అద్ది, ఆగిందనుకుని ఊరుకుంటారు. ఆ బిడ్డ పెరిగి తలకు చిన్న దెబ్బ తగిలించుకున్నప్పుడు మెదడులో రక్తస్రావం కావచ్చు. ఈ రోగుల్లో ఇంచుమించు మూడోవంతు మందికి ఆ ప్రమాదం ఎదురవుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, రక్తం గడ్డకట్టే సమయానికి మామూలుగా చేసే పరీక్షలన్నీ ఈ పిల్లల్లో మామూలుగానే వస్తాయి. ఆ పరీక్షలు రక్తం గడ్డకట్టే వరకే చూస్తాయి, ఆ గడ్డ నిలిచిందా లేదా అని చూడవు. దీనికి వేరే పరీక్ష ఉంది. గడ్డకట్టిన రక్తాన్ని గాఢమైన యూరియా ద్రావణంలో వేసి ఉంచుతారు. ఇరవై నాలుగు గంటల్లోపు కరిగిపోతే ఫ్యాక్టర్ 13 మీద అనుమానం బలపడుతుంది. ఖరీదైన యంత్రమేమీ అక్కరలేని పరీక్ష. అడగవలసిన ప్రశ్న అడిగే డాక్టరు ఉంటే చాలు.

వేలూరు సీఎంసీ రక్తవ్యాధుల విభాగం 2006లో ఈ లోపం మీద ఒక పరిశోధన ప్రచురించింది. ఒకరితో ఒకరికి బంధుత్వం లేని ఎనిమిది మంది భారతీయ రోగుల జన్యువులు చదివితే, అంతకు ముందు ప్రపంచంలో ఎవరూ నమోదు చేయని మార్పులు అయిదు దొరికాయి. దీన్నిబట్టి మన కుటుంబాల్లోని మార్పులు చాలావరకు మనవేనని తెలుస్తోంది. యూరప్ రోగుల జాబితా పక్కన పెట్టుకుని మనవాళ్ళ రక్తాన్ని చదివితే చాలదు, మనవాళ్ళ జాబితా మనమే రాసుకోవాలి. ఆ రాతపని వేలూరులో ఓపికగా జరుగుతోంది.

ఈ జబ్బుకు మందు ఉందని కూడా చెప్పాలి. ఫ్యాక్టర్ 13 రక్తంలో చాలా రోజులు నిలుస్తుంది, కొద్ది మోతాదు చాలు. కాబట్టి నెలకొకసారి ఎక్కిస్తే పిల్లలు మామూలుగా బడికి వెళ్ళి ఆడుకోగలరు. శుద్ధిచేసిన మందు దొరకని చోట రక్తనిధిలోని ప్లాస్మా, క్రయోప్రెసిపిటేట్ కూడా ఆదుకుంటాయి.

ఇక్కడ మేనరికం మాట రాకుండా ఉండదు. ఫ్యాక్టర్ 13 జన్యువు ఆరో క్రోమోజోములో ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడితేనే జబ్బు వస్తుంది. ఒక్క ప్రతి చెడినవాళ్ళకు సాధారణంగా ఏ బాధా ఉండదు, తమలో ఆ మార్పు ఉందని కూడా తెలియదు. అలాంటి ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు జబ్బు రావచ్చు. బయటి సంబంధంలో ఒకే మార్పు ఇద్దరిలోనూ ఉండటం బహు అరుదు. మేనమామకూ మేనకోడలికీ, బావామరదళ్ళకూ తాతముత్తాతలు ఒకరే కాబట్టి ఆ అవకాశం పెరుగుతుంది.

1970లలో వేలూరు పరిశోధకులు సుందరరావు, ఇన్బరాజ్ అప్పటి ఉత్తర ఆర్కాడు జిల్లాలో పెళ్ళిళ్ళను లెక్కవేశారు. పల్లెల్లో సగానికి దగ్గరగా, పట్నంలో మూడోవంతుకు కాస్త తక్కువగా పెళ్ళిళ్ళు దగ్గరి చుట్టాల మధ్యే జరిగాయని తేలింది. కానీ సంతానం మీద అనుకున్నంత చెడు ఫలితం వాళ్ళకు కనిపించలేదు. వందల ఏళ్ళుగా ఈ ఆచారం ఉండటం వల్ల ప్రాణాంతకమైన మార్పులు కొంత ఏరివేతకు గురై ఉండవచ్చని వాళ్ళు ఆలోచించారు. నా దృష్టిలో ఈ విషయాన్ని సమతూకంతోనే చెప్పాలి. మేనరికం చేసుకున్న ప్రతి జంటనూ తప్పు చేసినవాళ్ళలా చూడటం న్యాయం కాదు. అయితే ఇంట్లో బొడ్డు రక్తం కారి పోయిన బిడ్డ ఉందని తెలిసీ, ఎవరినీ అడగకుండా అదే కుటుంబంలో మళ్ళీ మేనసంబంధం కలపడం కూడా మంచిది కాదు. ఆ అడగడానికే ఈనాడు జన్యు సలహా కేంద్రాలున్నాయి. కుటుంబంలోని మార్పు ఏమిటో ముందే తెలిస్తే గర్భంలో ఉండగానే పరీక్ష చేయవచ్చు.

బొడ్డు గురించే ఇంకొక్క మాట. మామూలుగా ఒకటి రెండు వారాల్లో బొడ్డు ఊడిపోతుంది. నెల దాటినా ఊడక, ఆ చోట పదే పదే పుండు పడుతూ, ఆ పుండులో చీము మాత్రం పట్టకుంటే తేలికగా తీసుకోకండి. తెల్ల రక్తకణాలు రక్తనాళం గోడ దాటి గాయంలోకి వెళ్ళడానికి కావలసిన ఒక ప్రోటీను పుట్టుకతోనే లేని పిల్లలుంటారు. వాళ్ళ రక్తంలో తెల్లకణాలు ఎక్కువగానే ఉంటాయి, గాయం దగ్గరికి మాత్రం రాలేవు. చీము లేకపోవడం మంచి లక్షణమని మనవాళ్ళు సంతోషిస్తారు. ఈ పిల్లల్లో అది ఆపదకు గుర్తు.

ఇవన్నీ మానకపోవడం గురించి. మితిమీరి మానడం కూడా ఒకటుంది. చెవులు కుట్టించిన చోట, ఛాతీ మీద మొటిమ పగిలిన చోట, భుజం మీద టీకా వేసిన చోట మచ్చ ఆగకుండా పెరిగి, అసలు గాయం హద్దు దాటి గట్టిగా, మెరుస్తూ, దురద పెడుతూ ఉబికి వస్తుంది. దీన్నే కీలాయిడ్ అంటారు. తెల్లవాళ్ళ కంటే చామనఛాయ, నల్లని మేనివాళ్ళలో ఇది ఎక్కువ. కుటుంబాల్లో నడుస్తుంది. 2010లో జపాను శాస్త్రవేత్తలు వేలమంది జన్యులిపులను పోల్చి చూసి, కీలాయిడ్‌తో ముడిపడిన చోట్లు కొన్ని గుర్తించారు. వాటిలో ఒకటి 15వ క్రోమోజోము మీద ఉంది. "మా అమ్మకూ చెవి దగ్గర ఇట్లాగే ఉబ్బింది" అని ఎవరైనా చెబితే, వంశం మాట ఇక్కడ అక్షరాలా నిజం. అందువల్ల అలాంటి ఇంటి పిల్లలకు చెవికి రెండో కుట్టు, మూడో కుట్టు వేయించేముందు ఆలోచించండి. ఉబ్బిన మచ్చను ఊరికే కోయించేస్తే చాలాసార్లు మరింత పెద్దదిగా తిరిగి వస్తుంది. చర్మవైద్యులు ఇంజెక్షన్లతో కలిపి చేసే చికిత్సే దానికి తగినది.

చెవి ప్రస్తావన వచ్చింది కనుక, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 1990లలో జరిగిన ఒక విషయం చెబుతాను. ప్రయోగశాల ఎలుకలను గుర్తుపట్టడానికి చెవికి చిన్న రంధ్రం వేస్తారు. ఎలెన్ హెబర్-కాట్జ్ అనే శాస్త్రవేత్త దగ్గరున్న ఒక జాతి ఎలుకల చెవుల్లో ఆ రంధ్రాలు కొన్ని వారాల్లో మాయమయ్యాయి. మచ్చ కూడా లేకుండా, లోపలి మృదులాస్థితో సహా పూడిపోయాయి. ఆ ఎలుకలను మామూలు ఎలుకలతో జతపరిచి పిల్లలను పరీక్షిస్తే, ఈ గుణం ఒక్క జన్యువుది కాదని, అనేక జన్యువులు కలిసి నడిపిస్తున్నాయని 1998లో బయటపడింది. మనుషుల్లోనూ అంతే. ఫ్యాక్టర్ 13 లాంటి అరుదైన లోపాలను పక్కన పెడితే, ఇద్దరు ఆరోగ్యవంతుల గాయాలు మానే వేగంలో తేడా ఏ ఒక్క జన్యువు వల్లా రాదు. చిన్నచిన్న ప్రభావాలు వందలుగా కలుస్తాయి. వాటి మీద తిండి, వయసు, పొగ, చక్కెర చేరతాయి.

అసలు మనుషులందరికీ పుట్టుకతో ఉన్న ఒక జన్యు లోపం సంగతి చాలామందికి తెలియదు. విటమిన్ సి తయారుచేసుకునే జన్యువు మనలో ఏనాడో చెడిపోయింది. మేకకు, కుక్కకు ఆ శక్తి ఉంది, మనకు లేదు. విటమిన్ సి లేకపోతే కొల్లాజెన్ గట్టిపడదు, గాయం మానదు. 1740లలో ఇంగ్లండు నుంచి బయలుదేరిన ఆన్సన్ ఓడల్లో, ఎప్పుడో యాభై ఏళ్ళ కిందట యుద్ధంలో తగిలి మానిపోయిన గాయాలు ఒక నావికుడి ఒంట్లో మళ్ళీ తెరుచుకున్నాయని ఆ యాత్రా కథనంలో ఉంది. జన్యువు చెడి కోట్ల ఏళ్ళయినా మనం హాయిగా బతుకుతున్నాం. కారణం జామకాయ, ఉసిరికాయ, పచ్చిమిర్చి.

ఇప్పుడు అన్యాయం అన్నానే, దాని దగ్గరకొస్తాను.

కుష్ఠు వ్యాధి. వందల ఏళ్ళపాటు మానని పుండు అంటే ఈ జబ్బే. వంశపారంపర్యమని లోకం నమ్మింది. 1847లో నార్వే వైద్యులు డానియల్సన్, బోయెక్ తమ గొప్ప గ్రంథంలో అలాగే రాశారు. 1873లో అదే దేశంలో, డానియల్సన్ అల్లుడైన హాన్సెన్ ఈ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టాడు. శాస్త్రం మారింది, జనం మనసు మారలేదు. సూక్ష్మజీవి మాంసాన్ని కుళ్ళబెడుతుందనీ, కుష్ఠురోగి ఒంటి మీద కత్తి పెడితే కోత మానదనీ వైద్యులు కూడా అనుకునేవారు. అందుకే వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేయడానికి ఎవరూ ముందుకు రాలేదు.

1946లో పాల్ బ్రాండ్ వేలూరు వచ్చాడు. 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టి, లండనులో శస్త్రవైద్యం నేర్చిన మనిషి. చెంగల్పట్టు కుష్ఠు ఆస్పత్రికి వెళ్ళి అక్కడి రోగుల చేతులు పట్టుకుని చూశాడు. వేళ్ళు ముడుచుకుపోయి గోళ్ళు రాలిన చేతిలో ఇంకా గట్టి పట్టు ఉండటం ఆయన్ను ఆశ్చర్యపరిచింది. కొన్ని కండరాలు చచ్చుబడినా మిగతావి బలంగానే ఉన్నాయి. బలంగా ఉన్న కండరపు స్నాయువును మళ్ళించి చచ్చుబడిన చోట కుట్టవచ్చుగదా అనుకున్నాడు. 1948 ప్రాంతాల్లో వేలూరులో ఆ శస్త్రచికిత్సలు మొదలుపెట్టాడు. కోతలు మానాయి. అందరికీ మానినట్టే, అదే వేగంతో మానాయి.

అయితే పుండ్లు ఎందుకు పడుతున్నాయి? వేళ్ళు ఎందుకు పొట్టివై పోతున్నాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఆయన, ఆయన తోటివాళ్ళు ప్రయోగశాల కన్నా రోగుల రోజువారీ బతుకునే ఎక్కువగా గమనించారు. శస్త్రచికిత్స అయిన కుర్రాళ్ళ కోసం నవజీవ నిలయం అని చిన్న ఊరులాంటిది కట్టి, పని నేర్పిస్తూ, ప్రతిరోజూ వాళ్ళ చేతులూ కాళ్ళూ పరిశీలించారు. ఎక్కడ కొత్త పుండు కనిపించినా, నిన్న ఏం చేశావో చెప్పమని ఆరా తీశారు. ఒకడు పొయ్యి మీది గిన్నెను ఉత్త చేత్తో దించాడు. ఒకడు తుప్పుపట్టిన తాళంలో చెవి తిప్పుతూ వేలు ఎముక దాకా కోసుకున్నాడు, తెలియనే లేదు. రాత్రికి రాత్రి వేలి కొన మాయమైతే, కాపలా కాసి చూస్తే నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయని తేలింది. ఆ తర్వాత ఇళ్ళకు వెళ్ళే రోగులకు ఒక్కో పిల్లిని ఇచ్చి పంపేవారు. మాంసంలో లోపం లేదు. సూక్ష్మజీవి నరాలను చంపింది, నొప్పి పోయింది, నొప్పి లేని కాలు తన పుండు మీద తానే నడిచింది. అంతే.

అంగుళం లోతు పుండున్న పాదానికి పిండికట్టు కట్టి కొన్ని వారాలు ఒత్తిడి తగలకుండా ఉంచితే, ఏళ్ళ తరబడి మానని పుండు మానేది. అది మళ్ళీ పడకుండా మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరుతో చెప్పులు చేయించారు. కుష్ఠు ఆస్పత్రుల్లో ఎం.సి.ఆర్. చెప్పులంటే అందరికీ తెలుసు. తోలుపనికి పేరున్న ఈ ప్రాంతంలో మెకానిక్కులాగా ఆలోచించే డాక్టరూ, చెప్పులు కుట్టే పనివాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చేసిన పని అది. వైద్యచరిత్రలో అంతకన్నా గొప్ప దృశ్యాలు ఉన్నాయేమో గానీ, నాకు దానంత ఇష్టమైనది లేదు.

వేలూరుకు దగ్గర్లోని కరిగిరిలో 1955లో షెఫెలిన్ పేరుతో కుష్ఠు పరిశోధన ఆస్పత్రి ఏర్పడింది. గుడియాత్తం ఇక్కడే కథలోకి వస్తుంది. 1960లలో కరిగిరి సంస్థ గుడియాత్తం తాలూకాను తన పనిప్రాంతంగా తీసుకుంది. దాని కార్యకర్తలు ఊరూరా, ఇంటింటికీ తిరిగి ఒంటి మీద మచ్చలు చూశారు, ఉబ్బిన నరాలను తడిమి చూశారు, స్పర్శ ఉందో లేదో పరీక్షించారు. ఆస్పత్రికి వచ్చినవాళ్ళను చూస్తే చెడిపోయిన కేసులే కనిపిస్తాయి. ఇంటింటికీ వెళ్తే జబ్బు అసలు ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు, ఒకే ఇంట్లో ఎంతమందికి వస్తుంది అన్నది లెక్కగా తెలుస్తుంది. నేతపనివాళ్ళ, బీడీపనివాళ్ళ ఇళ్ళ ముందు నిలబడి రాసుకున్న ఆ లెక్కలు ప్రపంచ కుష్ఠు పరిశోధనలో ఈ తాలూకా పేరును నిలిపాయి.

ఇంత చెప్పాక, కుష్ఠుకు జన్యువులతో సంబంధమే లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. కాకపోతే జనం అనుకున్న చోట లేదు. ఈ సూక్ష్మజీవి సోకినా నూటికి తొంభై అయిదు మందిని ఏమీ చేయలేదు. మిగతా కొద్దిమంది మీద దానికి పట్టు దొరకడంలో జన్యువుల పాత్ర ఉంది. 2001లో దక్షిణ భారతంలోని 224 కుటుంబాలను పరిశీలించిన అంతర్జాతీయ బృందం 10వ క్రోమోజోము మీద అలాంటి చోటు ఒకటి గుర్తించింది. వంశం నుంచి రాగలిగేది సూక్ష్మజీవికి లొంగే గుణం మాత్రమే. ఆ సూక్ష్మజీవిని 1980ల నుంచి వాడుతున్న బహుళ ఔషధ చికిత్స చంపేస్తుంది. పుండు ఎవరి వంశంలోనూ లేదు. అయినా మన చట్టాల్లో కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వెసులుబాటు 2019 దాకా ఉంది. ఇంత ఆలస్యంగా తీసేశారన్నది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

నొప్పి లేకపోవడమే జన్యువుల్లో రాసి ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. పాకిస్తాను ఉత్తర భాగంలో వీధుల్లో కత్తులు చేతుల్లోకి గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి డబ్బులు సంపాదించే ఒక పిల్లవాడి గురించి విని కేంబ్రిడ్జ్ వైద్యులు ఆరా తీశారు. వాళ్ళు కలిసేలోపే వాడు ఇంటి కప్పు మీద నుంచి దూకి చనిపోయాడు. బంధువుల కుటుంబాలను పరీక్షిస్తే, నరాలు నొప్పిని మోయడానికి కావలసిన ఒక్క జన్యువు వాళ్ళలో పనిచేయడం లేదని 2006లో తేలింది. అక్కడా దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళే. ఆ పిల్లల గాయాలు మానతాయి. మానేలోపు వాళ్ళే మళ్ళీ రేపుకుంటారు. వేలూరులో బ్రాండ్ కుష్ఠు రోగుల్లో చూసినదాన్నే జన్యుశాస్త్రం అరవై ఏళ్ళ తర్వాత మరో దారిలో వచ్చి చూసింది.

ఇవాళ మన ఇళ్ళల్లో ఇదే కథ చక్కెర జబ్బు పేరుతో నడుస్తోంది. కుష్ఠు తగ్గుముఖం పట్టింది, చక్కెర పెరిగింది. "షుగరు మా వంశంలో ఉంది, కాలు పోవడం రాసిపెట్టి ఉంది" అని నిట్టూర్చేవాళ్ళు ఎందరో. చక్కెర వచ్చే గుణం కుటుంబాల్లో నడిచేమాట నిజమే. కాలు పోవడం మాత్రం ఎవరికీ రాసిపెట్టి లేదు. నరాలు మొద్దుబారడం, రక్తప్రసరణ తగ్గడం, చెప్పులో దూరిన ముల్లు తెలియకపోవడం, ఆ పుండు మీదే పొలానికి నడిచి వెళ్ళడం, వీటిలో ప్రతిదాన్నీ ఆపవచ్చు. కుష్ఠు రోగుల కోసం వేలూరు, కరిగిరి నేర్చుకున్న పిండికట్టు, మెత్తటి చెప్పు, రోజూ సాయంత్రం పాదం అడుగున అద్దం పెట్టి చూసుకోవడం ఇప్పుడు ప్రపంచమంతటా చక్కెర రోగులను కాపాడుతున్నాయి. 1966లో అమెరికాకు వెళ్ళాక బ్రాండ్ లూసియానాలోని కార్విల్ ఆస్పత్రిలో ఈ పద్ధతులనే కొనసాగించాడు.

జన్యువు మీద నేరుగా పని చేయడం కూడా మొదలైంది. హీమోఫిలియా-ఎ రోగుల్లో ఫ్యాక్టర్ 8 జన్యువు చెడి ఉంటుంది. వాళ్ళ గాయాలు పదే పదే కారి ఆలస్యంగా మానుతాయి, మోకీళ్ళలోకి రక్తం దిగి కుర్రతనంలోనే నడక పోతుంది. వేలూరు సీఎంసీలో డాక్టర్ అలోక్ శ్రీవాస్తవ బృందం, రోగి సొంత మూలకణాలను బయటికి తీసి, వాటిలోకి సరైన జన్యువును చేర్చి, తిరిగి ఒంట్లోకి ఎక్కించింది. అయిదుగురు రోగుల ఫలితాలు 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. చికిత్స తర్వాత పరిశీలనలో ఉన్నంత కాలం వాళ్ళలో ఎవరికీ రక్తస్రావం కాలేదు. అయిదుగురు చాలా చిన్న సంఖ్య, ఇంకా ఏళ్ళ తరబడి చూడాలి. అయినా వాచిన మోకాళ్ళున్న పిల్లలను ఎత్తుకుని కాట్పాడిలో దిగిన తల్లులకు ఇది మామూలు వార్త కాదు.

అందుకని, మీలో ఎవరైనా మానని గాయంతో పెద్దాస్పత్రికి బయలుదేరుతుంటే, ముందు రోజు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. పుట్టినప్పుడు బొడ్డు నుంచి రక్తం కారిందా, అది ఊడడానికి నెల దాటిందా, పన్ను పీకించుకున్నప్పుడు రక్తం ఆగి మరునాడు మళ్ళీ కారిందా, ఇంట్లో ఆడవాళ్ళకు కడుపులు పదే పదే పోయాయా, చిన్నప్పుడే పోయిన పిల్లలున్నారా, అమ్మానాన్నలది మేనరికమా, ఇవి కాగితం మీద రాసుకోండి. డాక్టరు అడగకపోయినా ఆ కాగితం చూపించండి. ఆ ప్రశ్నలన్నిటికీ లేదనే జవాబు వస్తే, మీ గాయం కారణం బహుశా వంశంలో లేదు. అప్పుడు పాదం అడుగున పత్తి తాకించి తెలుస్తోందో లేదో చూడమనండి, రక్తంలో చక్కెర చూడమనండి, ఆ కాలి మీద బరువు పడకుండా ఎన్నాళ్ళు ఉండాలో అడగండి.